సెనువా బాధ ఎవరికి పనికొచ్చింది?

2017లో వచ్చిన 'హెల్‌బ్లేడ్' అనే వీడియో గేమ్ పూర్తి పేరు 'హెల్‌బ్లేడ్: సెనువాస్ శాక్రిఫైస్'. 2024లో వచ్చిన దాని రెండో భాగం పేరు 'సెనువాస్ సాగా: హెల్‌బ్లేడ్ 2'. మొదటిదాంట్లో సెనువా బలి, రెండోదాంట్లో సెనువా గాథ. పేర్లు చూస్తే ఒక స్త్రీ బలిపీఠం మీంచి లేచి వీరగాథలోకి నడిచి వెళ్ళినట్టు ఉంటుంది. స్త్రీవాదులుగా మనం సంతోషించవలసిన ప్రయాణమే. రెండు ఆటలూ పూర్తిగా ఆడాక నాకు ఆ సంతోషం సగమే కలిగింది. మిగతా సగం ఎక్కడ ఆగిపోయిందో ఆలోచిస్తూ రాస్తున్నదీ వ్యాసం.

సాహిత్యం చదువుకున్న మనిషికి వీడియో గేమ్‌తో ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. మగపిల్లలు తుపాకులు పేల్చుకునే కాలక్షేపం అనే అభిప్రాయం నాకూ చాలాకాలం ఉండేది, అది పూర్తిగా నిరాధారమూ కాదు. కానీ ఆటలో కథ చదవడం వేరు, నడపడం వేరు. నవలలో నాయిక చీకటి గదిలోకి వెళ్తుంటే మనం పేజీ తిప్పుతాం. ఆటలో ఆమెను ఆ గదిలోకి నడిపించేది మన వేళ్ళే. ఆమెకు జరిగినదాంట్లో మన చెయ్యి ఉంటుంది. 'పిచ్చి' అని ముద్రపడ్డ స్త్రీ కథను ఇలాంటి రూపంలో చెప్పడమంటే, ఆమెను చూసే మన చూపును కూడా కథలోకి లాగడమే. మొదటి ఆట సరిగ్గా ఆ పని చేసింది.

కథ ఎనిమిదో శతాబ్దం చివరిది. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవుల్లో పిక్ట్ జాతికి చెందిన యువతి సెనువా. చిన్నప్పటినుంచీ ఆమెకు గొంతులు వినిపిస్తాయి. ఇతరులకు కనిపించనివి కనిపిస్తాయి. ఆమె తల్లి గలీనాకూ అలాగే వినిపించేవి. ఆమెను నిప్పుల్లో కాల్చి చంపారు. ఆ చంపడంలో భర్త జిన్‌బెల్ చెయ్యి ఉంది. అతను డ్రూయిడ్, అంటే ఆ సమాజపు పూజారి వర్గం మనిషి. అదంతా ఐదేళ్ళ సెనువా కళ్ళముందే జరిగింది. ఆ తర్వాత అదే తండ్రి కూతురిని ఇంట్లో దాచిపెట్టి పెంచాడు. 'నీలో ఉన్నది శాపం, నువ్వు బయటికొస్తే ఊరికి అరిష్టం' అన్నది అతను ఆమెకు నేర్పిన పాఠం. డిల్లియన్ అనే యువకుడు ఆమెను ఆమెగానే ప్రేమించాడు. సముద్రం దాటొచ్చిన నార్స్ దాడిదారులు అతన్ని ఘోరంగా చంపారు. సెనువా అతని తలను గుడ్డలో చుట్టి నడుముకు కట్టుకుని, అతని ఆత్మను అడిగి తెచ్చుకోవడానికి ఆ శత్రువుల మృత్యులోకానికి, హెలా అనే దేవత దగ్గరికి బయల్దేరుతుంది. సావిత్రి గుర్తొస్తుంది మనకు. అయితే సావిత్రి యముడితో మాట్లాడి గెలిచింది. సెనువాతో ఎవరూ మాట్లాడరు. ఆమె తలలోని గొంతులు తప్ప.

ఆ గొంతులే ఈ ఆటకు ప్రాణం. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడమని మొదట్లోనే చెప్తారు. మనిషి తల ఆకారంలో ఉన్న మైకు చుట్టూ నటీమణులు తిరుగుతూ మాట్లాడగా రికార్డు చేసినవి అవి. ఒకటి కుడిచెవి పక్కన గుసగుసలాడుతుంది, ఒకటి వెనకనుంచి నవ్వుతుంది, ఒకటి ఏడుస్తుంది. 'తిరిగి పొమ్మను', 'చేతకాదు దీనికి', 'అయ్యో చూసుకో' - ఈ ధోరణిలో ఆపకుండా సాగుతుంటాయి. కొంతసేపటికి నాకు చిరాకేసి హెడ్‌ఫోన్లు తీసేశాను. తీసి టేబుల్ మీద పెట్టాక తట్టింది, సెనువాకు ఈ సౌకర్యం లేదని. ఇంకో విషయం ఏమిటంటే, యుద్ధంలో వెనకనుంచి శత్రువు కత్తి ఎత్తితే హెచ్చరించేవి కూడా ఈ గొంతులే. ఆమెను దెప్పేవీ అవే, కాచేవీ అవే. వాటిని శత్రువులనీ అనలేం, స్నేహితులనీ అనలేం. మందుతో మాయం కావలసిన రోగలక్షణంగానో, దేవుడిచ్చిన దివ్యదృష్టిగానో తేల్చెయ్యకుండా, ఆమె బతుకులో భాగంగా మాత్రమే వాటిని ఉంచడం చిన్న విషయం కాదు.

దీని వెనక చాలా పని జరిగింది. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో ఉన్న నింజా థియరీ సంస్థలో సుమారు 20 మంది బృందం, తమీమ్ ఆంటోనియాడెస్ దర్శకత్వంలో, ఈ ఆట తయారుచేసింది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మనోవైద్యుడూ న్యూరోసైన్స్ పరిశోధకుడూ అయిన పాల్ ఫ్లెచర్ సలహాలిచ్చాడు. సైకోసిస్ అనుభవం ఉన్నవాళ్ళను కూర్చోబెట్టుకుని, వాళ్ళకు ఏం వినిపిస్తుందో, ఎలా కనిపిస్తుందో అడిగి, చేసింది వాళ్ళకు చూపించి సరిదిద్దుకున్నారు. సెనువాగా నటించిన మెలీనా యూర్గెన్స్ అసలు నటి కాదు. ఆ సంస్థలో వీడియో ఎడిటర్. కెమెరాలు పరీక్షించుకోవడానికి తాత్కాలికంగా నిలబెట్టిన మనిషి చివరికి సెనువా అయింది. 2018లో బాఫ్టా ఉత్తమ నటన పురస్కారం ఆమెకు వచ్చింది, ఆటకు మొత్తం ఐదు వచ్చాయి. సైకోసిస్ తెలిసినవాళ్ళలో ఆటను మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు, అభ్యంతరం చెప్పినవాళ్ళూ ఉన్నారు.

పరిశోధకురాలిగా నన్ను ఎక్కువ ఆకర్షించింది మాత్రం ఆటలోని చిక్కుముడులు. మూసిన తలుపు మీద ఒక రూన్ అక్షరం ఉంటుంది. ఆ అక్షరం ఆకారం చుట్టుపక్కల ఎక్కడో దాగి ఉంటుంది. విరిగిన దూలాలు ఒక కోణంనుంచి చూస్తే ఆ ఆకారంలో కలుస్తాయి, లేదా చెట్టు నీడ గోడమీద ఆ గీతగా పడుతుంది. అది కనిపించేదాకా మనం తిరుగుతూనే ఉండాలి. సంబంధం లేని వాటిమధ్య సంబంధం చూడటాన్ని వైద్యులు లక్షణం అంటారు. ఆట మనచేత అదే చేయిస్తుంది, చేస్తేనే తలుపు తెరుచుకుంటుంది. గంటసేపు ఆడి లేచాక మా ఇంటి కిటికీ ఊచల్లో కూడా అక్షరాలు వెతుక్కున్నాను. 1892లో షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ రాసిన 'ది ఎల్లో వాల్‌పేపర్' కథ మనలో చాలామంది పాఠం చెప్పినదే. విశ్రాంతి పేరుతో భర్త గదిలో పెట్టిన స్త్రీ, గోడకాగితం మీది అల్లికలో మరో స్త్రీని చూస్తుంది. ఆ కథ చదివేటప్పుడు మనం ఆమెను అర్థం చేసుకుంటాం గానీ, అల్లికలో స్త్రీ మనకు కనిపించదు. ఈ ఆటలో కనిపిస్తుంది. అంతేకాదు, కనిపించకపోతే మనమే అక్కడ చిక్కుకుపోతాం.

ఇక కుళ్ళు సంగతి. ఆట మొదట్లోనే సెనువా చేతికి నల్లటి కుళ్ళు పట్టుకుంటుంది. మీరు ఓడిపోయిన ప్రతిసారీ అది పైకి పాకుతుంది, తలదాకా వచ్చిందంటే అన్వేషణ ముగిసినట్టే, మీరు సాధించిందంతా పోతుంది అని తెరమీద హెచ్చరిక వస్తుంది. నేను ఆ హెచ్చరిక నమ్మాను. ప్రతి యుద్ధానికీ అరచేతులు చెమటపట్టాయి. ఆట విడుదలైన కొద్దిరోజులకే ఆటగాళ్ళు పరీక్షించి తేల్చారు, అలా ఏమీ జరగదని. ఎన్నిసార్లు ఓడినా ఆట చెరిగిపోదు. అప్పట్లో దీనిమీద వాదోపవాదాలు నడిచాయి. అమ్మినవాళ్ళు కొన్నవాళ్ళకు అబద్ధం చెప్పొచ్చా అన్నది కొందరి కోపం. నాకు మాత్రం ఆటలో అన్నిటికంటే నిజాయితీ ఉన్నది ఆ అబద్ధంలోనే అనిపించింది. జిన్‌బెల్ కూతురికి చెప్పిందీ ఇదే కదా. 'నీలో చీకటి ఉంది, నువ్వు తప్పు చేస్తే పెరుగుతుంది, అంతా నాశనమౌతుంది.' ఆ భయం శరీరంలో ఎలా పనిచేస్తుందో, దాన్ని ఎవరో కల్పించారని తెలియని రోజుల్లో మన చేతులు ఎలా వణుకుతాయో, ఎవరో వచ్చి ఉపన్యాసం ఇస్తే తెలిసేది కాదు.

చివరి ఘట్టంలో హెలా ముందు అలలు అలలుగా శత్రువులు వస్తారు. ఎంతమందిని చంపినా వస్తూనే ఉంటారు. గెలవడానికి దారి లేదు. మనం ఓడిపోతేనే కథ ముందుకు కదులుతుంది. పట్టుకున్నదాన్ని వదలలేని మన మొండితనం, డిల్లియన్ తలను వదలలేని సెనువా మొండితనం ఒకటైపోయిన చోటు అది. ఆమె వదులుతుంది. గొంతులు మాత్రం పోవు. నయం కావడం అనే ముగింపు ఇవ్వలేదు. వాటితోనే లేచి నడుస్తుంది. ఇంకో కథ ఉంది రమ్మని మనల్నీ పిలుస్తుంది ఒక గొంతు. ఆట మొదట్లో మనల్ని పలకరించి, నువ్వెవరైనా ఫరవాలేదు రా అని లోపలికి ఆహ్వానించిందీ ఆ గొంతే. అంటే ఇన్ని గంటలూ మనం ఆమె తలలో ఉన్న గొంతుల్లో ఒకరిమి. ఆమె అప్పుడప్పుడూ కెమెరా వైపు సూటిగా చూసేది అందుకే. తెరమీద స్త్రీ శరీరాన్ని చూడటం మనకు అలవాటు చేశారు, ఆమె తిరిగి చూస్తే ఏమౌతుందో ఎవరూ అలవాటు చేయలేదు.

ఈ ఏడెనిమిది గంటల ఆటలో సెనువా తప్ప బతికున్న మనిషి ఒక్కరూ లేరు. మిగిలినవన్నీ జ్ఞాపకాలూ, దర్శనాలూ, గొంతులే. ఆమెను నమ్మే తోడు లేదు, అవమానించే పొరుగు లేదు. మామూలుగా ఒంటరితనాన్ని లోపంగా చెప్తాం. ఇక్కడ మాత్రం ఆ ఒంటరితనం వల్లే ఆమె అనుభవం ఎవరి తీర్పూ లేకుండా మనముందు నిలబడింది.

మధ్యలో కాలం మారింది. 2018లో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొనేసింది. రెండో భాగం వస్తుందని 2019 డిసెంబరులో ప్రకటించారు, 2024 మే 21న విడుదల చేశారు. అప్పటికి ఆంటోనియాడెస్ సంస్థ వదిలి వెళ్ళాడు. డబ్బు ప్రతి ఫ్రేములోనూ కనిపిస్తుంది. ఐస్‌లాండ్ కొండల్నీ, నల్లరాళ్ళనీ ఫోటోలు తీసి త్రిమితీయంగా మార్చి తెరమీద పరిచారు. మెలీనా ముఖంమీద కండరం కదిలితే సెనువా ముఖంమీద అంతే కదులుతుంది. ఇంత అందమైన ఆట నేను చూడలేదు. చూడలేదు అన్నమాట అనుకోకుండా వచ్చినా సరైనదే. ఆడటం తగ్గి చూడటం ఎక్కువైంది. సినిమాలా తెరకు పైనా కిందా నల్లపట్టీలు. యుద్ధాలు ఒక్కొక్క శత్రువుతో, ముందే కూర్చిన నృత్యంలా. మొదటి ఆటలో చుట్టూ ముగ్గురు నలుగురు మూగితే, కనిపించనివాడి గురించి గొంతులు హెచ్చరిస్తే తిరిగేవాళ్ళం. ఆ అవసరం ఇప్పుడు చాలావరకు పోయింది. గొంతులు ఇంకా అద్భుతంగా ఉన్నాయి, కానీ వాటిని విని తీరవలసిన పరిస్థితి తగ్గింది. చేతికి కుళ్ళూ లేదు.

కథ విషయానికొస్తే, సెనువా తన ప్రజల్ని ఎత్తుకుపోతున్న బానిసల వ్యాపారాన్ని మూలంలోనే దెబ్బకొట్టాలని కావాలనే పట్టుబడి బానిసల ఓడ ఎక్కుతుంది. తుఫానులో ఓడ పగిలి ఐస్‌లాండ్ తీరానికి కొట్టుకొస్తుంది. అక్కడి జనాన్ని రాక్షసుల్లాంటి మహాకాయులు పీడిస్తున్నారు. వాళ్ళను శాంతింపజెయ్యడానికని గోదీ అనే నాయకుడు బానిసల్ని బలి ఇప్పిస్తున్నాడు. ఈసారి సెనువాకు తోడు దొరుకుతుంది. బానిసల ఓడ నడిపిన థోర్గెస్టర్, కనిపించని లోకం గురించి తెలిసిన ఫార్గ్రిమర్, ఆస్త్రిదర్ అనే నాయకురాలు. వీళ్ళు ఆమెను నమ్ముతారు. ఆమెకు కనిపించేది నిజమంటారు. ఆ చూపువల్లే ఆమె మహాకాయుల్ని ఓడించగలదని ఆమె వెంట నడుస్తారు.

ఒక్కరైనా నమ్మితే చాలునని మొదటి ఆటంతా మనం కోరుకున్నదే ఇది. ఫార్గ్రిమర్ ఆమె మాట మొదటిసారి విన్నప్పుడు నాకు గొంతు పట్టేసింది. తర్వాత మెల్లగా ఒక ఇబ్బంది మొదలైంది. ఆ ఇబ్బందికి పేరు దొరికింది ఆటలో కాదు, మా ఇంట్లోని ఒక పాత సంగతిలో.

మా చిన్నమ్మమ్మకు గొంతులు వినిపించేవట. పెళ్ళయిన నాలుగేళ్ళకు పుట్టింటికి తెచ్చి వదిలేశారు. పెరటివైపు వడ్లు పోసే గదిలో ఉంచేవారు. బంధువులొస్తే తలుపు గొళ్ళెం పెట్టేవారు. ఒక వేసవిలో పక్కింటివాళ్ళ తప్పిపోయిన గేదె ఎక్కడుందో ఆమె చెప్పిందని, అక్కడే దొరికిందని ఊళ్ళో మాట పుట్టింది. ఆ శుక్రవారం నుంచి ఆమె వీధి అరుగుమీదికొచ్చింది. పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, అమ్మవారు పలుకుతోందన్నారు. దూరం ఊళ్ళనుంచి ఆడవాళ్ళు పిల్లల జబ్బులు చెప్పుకోడానికి వచ్చేవారు. నాలుగైదేళ్ళ తర్వాత చెప్పినవి జరగడం మానేశాయి. ఆమె మళ్ళీ వడ్లగదిలోకి వెళ్ళింది. మా అమ్మ ఇదంతా ఆమె వైభవంగా చెప్పేది, ఒకప్పుడు ఎంతమంది కాళ్ళకు దండం పెట్టారో అని. నేను అడిగాను, ఇంతకీ ఆమెకు ఏం వినిపించేదే అని. అమ్మ చాలాసేపు ఆలోచించింది. 'ఏమోనే, ఎవరమూ అడగలేదు' అంది.

గదిలో పెట్టినప్పుడూ అడగలేదు, అరుగుమీద కూర్చోబెట్టినప్పుడూ అడగలేదు. మొదటిది అవిశ్వాసం, రెండోది విశ్వాసం, అంతే తేడా. అన్యాయంగా చచ్చిపోయిన ఆడవాళ్ళను పేరంటాళ్ళుగా గుళ్ళో పెట్టి మొక్కే సంప్రదాయం మనది. బాణామతి పేరుతో కొట్టి చంపిన చరిత్రా మనదే. మన భాషలోనే చూడండి, పిచ్చిది అని తిడతాం, పిచ్చిపిల్ల అని ముద్దుచేస్తాం, పూనకమొస్తే కాళ్ళమీద పడతాం. ఈ మాటలన్నిటిలో వింటున్న మనిషి ఎక్కడా లేదు.

రెండో ఆటలో సెనువాకు జరిగింది అరుగుమీదికి రావడమే అని నా అభియోగం. ఆమె చూపు ఊరికి పనికొచ్చింది కాబట్టి గౌరవం దక్కింది. తల్లిని కాల్చిన నిప్పు, తండ్రి పెట్టిన చెర, డిల్లియన్ చావు, ఇవన్నీ ఆమెను ఇతరుల బాధ అర్థం చేసుకోగల మనిషిని చేశాయని ఆట మళ్ళీ మళ్ళీ సూచిస్తుంది. స్త్రీ అనుభవించిన హింసను శిక్షణగా మార్చి చూపడం మనకు కొత్త కాదు. 'అన్ని కష్టాలు పడింది కాబట్టే అంత ఓర్పు వచ్చింది' అని ఎంతమంది అత్తలు, ఎంతమంది రచయితలు చెప్పలేదు! బాధను వృథా పోనివ్వకూడదన్న ఈ పొదుపరితనం ఎప్పుడూ ఆడవాళ్ళ బాధ విషయంలోనే ఎందుకు కనిపిస్తుందో నాకు అర్థం కాదు. మొదటి ఆటలో సెనువా బాధ దేనికీ పనికిరాలేదు. చచ్చినవాణ్ణి కూడా బతికించలేకపోయింది. అయినా మనం ఆమె వెంట చివరిదాకా నడిచాం.

పూర్తిగా ఎదురువాదన కూడా ఉంది. భార్గవి దావర్ 1999లో 'మెంటల్ హెల్త్ ఆఫ్ ఇండియన్ విమెన్' పుస్తకం రాసి, భారతీయ స్త్రీవాదంలో మానసిక ఆరోగ్యాన్ని చర్చలోకి తెచ్చినవారిలో ముఖ్యురాలు. పిచ్చిదని ముద్రపడిన తన తల్లి బాపు పేరుమీదే పూనెలో బాపు ట్రస్టు నెలకొల్పారు. గుళ్ళూ దర్గాల దగ్గర దొరికే ఊరటను మూఢనమ్మకం అని ఆధునిక వైద్యం ఒక్క మాటతో కొట్టిపారెయ్యడాన్ని ఆమె ప్రశ్నించారు. ఆ దారిలో ఆలోచిస్తే, సెనువాకు తనను గౌరవించే సమూహం దొరకడం చిన్న విషయమా, ఆసుపత్రి కంటే అరుగు మేలు కాదా అని నన్ను నిలదీయవచ్చు. మేలే. మా చిన్నమ్మమ్మ ఎండ చూసింది ఆ నాలుగైదేళ్ళే. నా పేచీ సమూహంతో కాదు, షరతుతో. మహాకాయుణ్ణి ఓడించలేకపోయి ఉంటే ఫార్గ్రిమర్ జనం ఆమెను ఏం చేసేవారన్నది ఆట ఎప్పుడూ అడగదు. రెండో భాగం విడుదలైన ఆ 2024 మే నెలలోనే భార్గవి దావర్ మరణించారు. ఈ ఆట గురించి ఆమె ఏమనేవారో వినాలని ఉండేది.

ఇంతకంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటి. మొదటి ఆటలో డ్రూత్ అని ఒక గొంతు ఉంటుంది. నార్స్ వాళ్ళ చేతిలో బానిసగా నలిగి, తప్పించుకుని, చివరికి చచ్చిపోయిన పండితుడు. శత్రువుల దేవతల గురించీ, మృత్యులోకం గురించీ సెనువాకు తెలిసిందంతా అతను చెప్పిందే. దారిపొడవునా నిలబెట్టిన రాళ్ళ దగ్గర ఆగితే అతని గొంతులో ఆ కథలు వినిపిస్తాయి. అంటే విజేతల పురాణం మనకు వాళ్ళ బానిస నోట అందుతుంది. ఇంత గొప్ప ఎత్తుగడ చేసినవాళ్ళు, పూర్తిగా బానిసత్వం మీదే నడిచే రెండో కథలో ఏం చేశారు? కథలో ఎదుగుదల, పశ్చాత్తాపం, తండ్రిని ఎదిరించే ధైర్యం అన్నీ ఇచ్చింది బానిసల్ని పట్టిన థోర్గెస్టర్‌కు. అతను గోదీ కొడుకు. మొదట బందీగా సెనువా వెంట నడిచి, మెల్లగా మిత్రుడౌతాడు. అతని పాత్ర బాగా రాశారు, బాగా నటించారు. ఓడ అడుగున గొలుసులతో ఉన్నవాళ్ళలో కథ మొయ్యగల చోటు మాత్రం ఒక్కరికీ దక్కలేదు. ఓడలో మునిగిపోయినవాళ్ళు సెనువా అపరాధభావంగా తిరిగొస్తారు గానీ, సొంత బతుకుతో రారు. ఆమె ఎవరికోసం ఓడెక్కిందో వాళ్ళే ఆమె మనస్సాక్షికి అలంకారమయ్యారు.

అబద్ధం విషయంలోనూ అంతే. రెండో ఆట చివర్లో జనాన్ని లొంగదీసిన భయం వెనక ఉన్నది నాయకుడి అబద్ధమని బయటపడుతుంది. ఆలోచన మంచిదే. భయాన్ని తయారుచేసి పంచేవాడే రక్షకుడిగా కూర్చోవడం మనకు తెలియని రాజకీయం కాదు. సెనువా తలలో ఇప్పటికీ తండ్రి గొంతు వినిపిస్తూనే ఉంది కాబట్టి, ఇంట్లో జిన్‌బెల్, గద్దెమీద గోదీ ఒకే జాతి అని కూడా తెలుస్తుంది. కానీ అది పాత్రలు మనకు చెప్తే తెలిసింది. కుళ్ళు హెచ్చరిక నమ్మి వణికిన రోజుల్లో ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఇన్ని చెప్పాక కూడా రెండో ఆటను తీసిపారెయ్యలేను. కారణం ఇంగున్. అగ్నిపర్వతంలో లావా చిమ్ముతూ కేకలు వేసే ఇల్తౌగా అనే మహాకాయం ఒకప్పుడు ఇంగున్ అనే మామూలు స్త్రీ. అగ్నిపర్వతం బద్దలైనప్పుడు బిడ్డను పోగొట్టుకున్న తల్లి. ఐస్‌లాండ్ జానపద విశ్వాసాల్లోని గుప్తజనం పెట్టే పరీక్షలు దాటితే తప్ప సెనువాకు ఆ పేరు తెలియదు. కత్తితో ఆ రాక్షసిని పడగొట్టడం సాధ్యం కాదు. ఆమె ఎవరో, ఏం పోగొట్టుకుందో తెలుసుకుని ఎదురుగా నిలబడాలి. డిల్లియన్ తలను అంతదూరం మోసిన మనిషికి, చచ్చిన బిడ్డను వదలలేని తల్లిని చూస్తే ఏమనిపిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. సెనువా ఇక్కడ రాక్షసిని చంపే వీరుడు కాదు, తన తర్వాత ఆ దారిన పోతున్న ఇంకో స్త్రీని గుర్తుపట్టిన మనిషి. మొదటి ఆట తన ఒంటరితనం వల్ల ఎప్పటికీ చెయ్యలేకపోయిన పని ఇది. అందులో సెనువా బాధ విన్నది మనం. ఇందులో సెనువాయే వింటుంది.

ఊరు ఇంగున్ కేకలు ఎన్నో ఏళ్ళు వింది. పారిపోయింది, బలులిచ్చింది, కథలు అల్లుకుంది. ఏమైందమ్మా నీకు అని అడిగింది మాత్రం సముద్రంలోంచి కొట్టుకొచ్చిన పరాయి దేశపు స్త్రీ. ఆ ఘట్టం ముగిసిన వెంటనే జనం కేరింతలు కొట్టి సెనువాను పొగుడుతారు, ఆమె శక్తికి ఆశ్చర్యపోతారు. ఇంగున్ పేరు వాళ్ళలో ఎవరైనా తలుచుకుంటారేమోనని నేను ఆటలో కాసేపు అక్కడే నిలబడ్డాను. తర్వాతి మహాకాయుడి దగ్గరికి దారి ఎటో మాట్లాడుకుంటున్నారు వాళ్ళు.